ఇంటికి కాపలా ఎవరు?

పెళ్ళికి ఇంటిల్లిపాదీ బయల్దేరాలి. చీరలు సర్దడం అయింది, టిక్కెట్లు చేతికొచ్చాయి. అంతలో ఎవరో ఒకరు అంటారు... "అందరం వెళ్ళిపోతే ఇల్లెవరు చూస్తారు?" ఆ ప్రశ్నకి జవాబు చాలా ఇళ్ళల్లో ఒకటే. అత్తగారో, కోడలో, పెళ్ళికాని ఆడపడుచో ఉండిపోతుంది. "నేనుంటాలే, మీరు వెళ్ళిరండి" అనే మాట ఒక్కసారైనా అనని ఆడవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు?

నిజం చెప్పాలంటే మన ఇళ్ళకి ఇన్నాళ్ళూ అసలు తాళం ఇల్లాలే. గేటు చప్పుడైతే తొంగిచూసేది ఆవిడ. వీధిలో కొత్త మనిషి తిరిగితే "ఎవరు కావాలండీ?" అని అడిగేది ఆవిడ. జీతం లేని ఈ కాపలా గురించి ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు ఆ ఇల్లాలు ఉద్యోగానికి వెళుతోంది, కోర్సులో చేరింది, పిల్లల్ని బడికి దింపి షాపు తెరుస్తోంది. ఇంటికి పగలు కూడా తాళం పడుతోంది. దొంగతనం జరిగితే మాత్రం మొదట వినబడే మాట మారలేదు. "ఇంటిపట్టున ఉంటే ఇలా జరిగేదా?" అని!

ఈ మాట ఇప్పుడు మరీ ఎక్కువగా వినబడడానికి కారణం ఉంది. 1990లలో పది గ్రాముల మేలిమి బంగారం నాలుగైదు వేల రూపాయలుండేది. 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. మధ్యతరగతి ఇంట్లో అమ్మ పెట్టిన గొలుసు, అత్తగారిచ్చిన గాజులు, తను పొదుపు చేసి కొనుక్కున్న నెక్లెసు కలిపితే పది తులాలు ఉండడం వింతేమీ కాదు. అంటే పది లక్షల పైమాట. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే మనం ఎన్ని జాగ్రత్తలు తీసుకుంటాం! బీరువాలో ఉంది కాబట్టి చీరల మడతల్లో దాచి ఊరుకుంటున్నాం.

కాబట్టి అసలు ప్రశ్న "ఇంట్లో ఎవరుండాలి?" అన్నది కాదు. ఇల్లాలు ఒక్కతే మోసిన కాపలాని ఇప్పుడు ఎవరెవరు పంచుకోవాలి అన్నది. తలుపు కొంత, పక్కింటివాళ్ళు కొంత, పోలీసులు కొంత, బ్యాంకు కొంత, ఇంట్లో మగవాళ్ళు కూడా కొంత!

గుమ్మమే చెప్పేస్తుంది

2021 చివర్లో విజయవాడ, తాడేపల్లి ప్రాంతాల్లో 'చెడ్డీ గ్యాంగ్' తిరుగుతోందని ఎంత భయపడ్డామో గుర్తుందా? సీసీ కెమెరాల బొమ్మలు ఫోన్లలో తెగ తిరిగాయి. ఆ ముఠాలోని కొందర్ని పోలీసులు ఆ డిసెంబరులోనే పట్టుకున్నారు. అలాంటి ముఠాల గురించి జాగ్రత్త అవసరమే. కానీ మామూలు దొంగకి తలుపులు బద్దలుకొట్టి మనుషులతో పోరాడే అవసరమేముంది? ఎవరూ లేని ఇల్లు దొరికితే చాలు. ఆ ఇల్లు ఏదో కనిపెట్టడానికి నాలుగు వీధులు తిరుగుతాడు. మన గుమ్మమే అతనికి కబురు చెప్పేస్తుంది.

ముగ్గునే తీసుకోండి. ధనుర్మాసం అంతా వీధి వీధంతా ముగ్గులే. గొబ్బెమ్మలు, పువ్వులు, రంగులు. ఆ వరసలో ఒక్క వాకిలి రెండు రోజులుగా ఊడవకుండా, ముగ్గు లేకుండా ఉంటే? ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని చిన్న పిల్లాడు కూడా చెప్తాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం సంక్రాంతికి ఊళ్ళకి వెళతాం. హైదరాబాదులో కాలనీలకి కాలనీలే ఖాళీ అవుతాయి.

ఇంకా ఎన్నో గుర్తులు! గేటులో ఇరుక్కుపోయిన పేపర్లు, మెట్ల మీద పేరుకున్న పాంప్లెట్లు, తీయని పాల ప్యాకెట్టు, వాడిపోయిన తులసి మొక్క, పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు. పోతూ పోతూ దొంగలు రాకుండా ఉండాలని మనమే వేసిన లైటు అది! రాత్రి అది కాపలా కాస్తుంది గాని పగలు దండోరా వేస్తుంది. చీకటి పడితే వెలిగి, తెల్లారితే ఆరిపోయే సెన్సర్ బల్బులు ఇప్పుడు మామూలు ఎలక్ట్రికల్ షాపుల్లోనే దొరుకుతున్నాయి.

వీటన్నిటికీ మించినది మన చేతిలోని ఫోను. స్టేషన్‌లో రైలెక్కగానే ఫొటో, కొండ మీద ఫొటో, "ఫ్యామిలీతో నాలుగు రోజులు" అని స్టేటస్. మన నంబరు ఎవరెవరి దగ్గరుందో మనకే తెలీదు. కర్టెన్లు కుట్టినాయన దగ్గరుంటుంది, పాత ఫ్రిజ్ కొన్నాయన దగ్గరుంటుంది. ఫొటోలు పెట్టొద్దని కాదు, తిరిగొచ్చాక పెట్టండి. ముచ్చట ఎక్కడికీ పోదు. ఈ మాట పిల్లలకీ చెప్పండి. మనం ఊరుకున్నా వాళ్ళు ఊరుకోరు!

కప్ప గట్టిదే, గొళ్ళెమో?

తాళంకప్ప కొనేటప్పుడు బరువు చూసి కొంటాం. లీవర్లు ఎన్నున్నాయో అడుగుతాం. తీసుకొచ్చి దాన్ని రెండు చిన్న మేకులతోనో, స్క్రూలతోనో బిగించిన పాత గొళ్ళేనికి తగిలిస్తాం. దొంగ కప్పని ముట్టుకోడు. ఇనపకడ్డీ పెట్టి ఒక్క పట్టు పడితే గొళ్ళెం కప్పతో సహా ఊడి కిందపడుతుంది. అందుకే గొళ్ళెం స్క్రూలతో కాకుండా తలుపు లోపలివైపుకి వచ్చి నట్టుతో బిగిసే బోల్టులతో ఉండాలి. ఆ పని చేసే వడ్రంగి ఒక పూటలో చేసేస్తాడు.

పైగా బయట వేలాడే కప్ప "ఇంట్లో ఎవరూ లేరు" అన్న బోర్డుతో సమానం. తలుపులోనే ఇమిడి ఉండే లాకు అయితే లోపల మనుషులున్నారో లేదో బయటికి తెలీదు. సింహద్వారానికి అలాంటిది పెట్టించుకోవడం మంచిది. గ్రిల్ గేటుకి కప్ప వేయాల్సి వస్తే బయటికి కాకుండా లోపలివైపుకి వేసే ఏర్పాటు చేయించుకోండి.

ఇంటి ముందు టేకు తలుపు, ఇత్తడి పిడి. పెరటి వైపు? అక్కడ ఫ్లష్ డోరు, చిన్న బోల్టు. వంటింటి తలుపు, డాబా మీది తలుపు, బాత్‌రూమ్ వెంటిలేటరు ఈ మూడింటినీ ఒకసారి దొంగ కళ్ళతో చూడండి. డాబా మీది తలుపుకి గడియ ఎన్నాళ్ళ కిందటిది? వెంటిలేటరులో గాజుపలకలు చేత్తో లాగితే వచ్చేస్తాయా? పెరట్లో నిచ్చెన గోడకి ఆనించి ఉందా? మొక్కలకి తవ్వే గునపం అక్కడే పడుందా? దొంగకి కావలసిన సామాను మనమే పెడుతున్నామన్నమాట!

బీరువా గురించి కూడా ఒక భ్రమ ఉంది. బీరువా అంటే ఇనప్పెట్టె కాదు, మడిచిన రేకు. గునపం పెడితే వంగుతుంది. చాలాసార్లు వంచే పని కూడా ఉండదు. తాళాలు బీరువా మీదో, పరుపు కిందో, చీరల అడుగునో, దేవుడి గూట్లోనో దొరుకుతాయి. మనందరం దాచే చోట్లు ఒక్కటే కాబట్టి!

తాళంచెవి కథ

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పిల్లవాడు స్కూలు నుంచి ముందొస్తాడు. తాళంచెవి పూలకుండీ కిందో, చెప్పుల స్టాండులో పాత బూటులోనో, మీటరు బాక్సు మీదో పెట్టి వెళతాం. ఈ అలవాటు ఖరీదు ఎంతో చూడండి.

చట్టం దృష్టిలో మన చెవితోనే మన తాళం తీసి లోపలికి వచ్చినవాడు కూడా కన్నం వేసినవాడితో సమానమే. 2024 జులై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ప్రకారం తాళం తెరిచి చొరబడడం కూడా ఇల్లు పగలగొట్టడం కిందికే వస్తుంది. దొంగతనం కోసం పగలు ఇలా చొరబడితే 10 ఏళ్ళ దాకా, సూర్యాస్తమయం తర్వాత అయితే 14 ఏళ్ళ దాకా శిక్ష పడొచ్చని 331వ సెక్షన్ చెప్తోంది. ఇంత దాకా బాగానే ఉంది.

కానీ బీమా కంపెనీ లెక్క వేరు. దొంగతనం బీమా పాలసీల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. బలవంతంగా చొరబడిన ఆనవాలు ఉండాలి, అంటే తలుపో కిటికీయో విరిగి ఉండాలి. కుండీ కింద చెవి తీసుకుని దర్జాగా లోపలికి వచ్చి, పోతూ పోతూ తాళం వేసిపోయాడనుకోండి... కోర్టులో అది పెద్ద నేరమే. బీమా ఆఫీసులో మాత్రం క్లెయిము తిరగ్గొట్టడానికి కారణం!

ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళు చేయించిన బీమా ఉందిగదా అని కొందరి ధీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదాలకీ, వరద, తుఫాను, భూకంపం లాంటి వాటికీ. దొంగతనం మాటకొస్తే అలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికి వర్తిస్తుందంతే. మామూలు దొంగతనానికి వేరే పాలసీ తీసుకోవాలి. మీ ఇంట్లో పాలసీ కాగితం ఉంటే ఇవాళే తీసి చూడండి, నగలకి వర్తిస్తుందో లేదో అడగండి.

చెవి పిల్లవాడి మెడలోనో, స్కూలు బ్యాగు లోపలి జిప్పులోనో ఉండొచ్చు. నమ్మకమైన పక్కింటావిడ దగ్గర ఉండొచ్చు. గుమ్మం చుట్టుపక్కల మాత్రం ఉండకూడదు. అద్దె ఇంట్లో దిగితే పాత తాళం మార్చేయండి. ముందున్నవాళ్ళ దగ్గర ఇంకో చెవి ఉండిపోయి ఉండొచ్చు.

పక్కింటి కళ్ళు, పోలీసు కళ్ళు

అపార్టుమెంటులో ఉంటున్నాం, వాచ్‌మన్ ఉన్నాడు కదా అంటారు. అతను మోటారు వేయాలి, కార్లు కడగాలి, పార్సిళ్ళు అందుకోవాలి, లిఫ్టు ఆగిపోతే పరిగెత్తాలి. ఇన్ని పనుల మధ్య గేటు దగ్గర కూర్చునేదెప్పుడు? చాలాచోట్ల నిజంగా గేటు చూసేది ఆయన భార్య. జీతం ఒకరికి, కాపలా ఇద్దరిది! అసోసియేషన్ మీటింగులో ఈ సంగతి ఎత్తాల్సింది మనమే.

పక్కింటావిడతో నాలుగు మాటలు లేకపోతే ఎన్ని కెమెరాలున్నా లాభం లేదు. ఊరెళ్ళే ముందు ఒక్క మాట చెప్పి, పేపరు తీసి లోపల పడేయమనండి. పొద్దున్నే తన వాకిలితోపాటు మీ వాకిట్లోనూ నాలుగు గీతలు గీయమనండి. ఆవిడ ఊరెళితే మీరు గీయండి. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు ఫోను నంబర్లు రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇక పోలీసుల సంగతి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు వస్తున్నాయంటే "ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి" అని రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు ప్రకటనలిస్తారు. చదివి పేజీ తిప్పేస్తాం. చెప్పి వెళితే ఆ ఇంటి మీదుగా రాత్రి గస్తీ తిరగడానికి వీలుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే కొన్నేళ్ళ కిందట లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, పొట్టిగా ఎల్.హెచ్.ఎం.ఎస్., అని ఒక ఏర్పాటు కొన్ని జిల్లాల్లో మొదలైంది. ఫోనులో ఆ యాప్ ద్వారా పేరు నమోదు చేసుకుని, ఫలానా రోజుల్లో ఉండమని చెప్తే పోలీసులు వచ్చి ఇంట్లో ఒక కెమెరా పెడతారు. లోపల అలికిడైతే కంట్రోల్ రూముకి కబురు అందుతుంది. మీ స్టేషన్ పరిధిలో ఇప్పుడు నడుస్తోందో లేదో ఒక ఫోనుతో తెలుసుకోవచ్చు.

సొంత కెమెరా పెట్టుకునేవాళ్ళకి ఒక సలహా. కెమెరా దొంగని ఆపదు, చూస్తుందంతే. రికార్డు చేసే పెట్టె హాల్లో టీవీ పక్కనే ఉంటే దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు! పెట్టెని కనబడని చోట పెట్టించండి. లేదా కదలిక కనిపించగానే మీ ఫోనుకి కబురొచ్చే రకం తీసుకోండి. ఆ ఫోను ఇంట్లో ఒక్కరి దగ్గరే కాకుండా మీ దగ్గర కూడా ఉండేలా చూసుకోండి.

పగలు ఒంటరిగా ఉండే గృహిణులు, పెద్దవాళ్ళు మరో సంగతి మర్చిపోకూడదు. బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాళ్ళది పాత మోసమే. ముందు ఇత్తడి చెంబు తళతళలాడిస్తారు, తర్వాత గొలుసు అడుగుతారు. దాన్ని యాసిడ్‌లో ముంచితే బంగారం కొంత కరిగి వాళ్ళ గిన్నెలో మిగిలిపోతుంది. గ్యాస్ చెకింగ్, కరెంటు చెకింగ్ అంటూ వస్తే తలుపుకి గొలుసు ఉంచే మాట్లాడండి, కార్డు అడగండి, ఆఫీసుకి ఫోన్ చేయండి. మర్యాద తక్కువైందని అనుకున్నా ఫరవాలేదు.

నగ మీది, లెక్క ఎవరిది?

దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు అడిగే మొదటి ప్రశ్న "ఏమేం పోయాయి?" అని. ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పగలిగేవాళ్ళు తక్కువ. "ఒక హారం, నాలుగు గాజులు, కమ్మలు జతలు మూడో నాలుగో..." ఎన్ని గ్రాములు? బిల్లులేవి? ఎవరికీ తెలీదు. ఫిర్యాదు ఇంటాయన పేరు మీద వెళుతుంది. నగలు ఆవిడవి, వివరాలు ఆయనకి తెలీవు!

పెళ్ళిలో పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు స్త్రీకి పెట్టిన నగలు స్త్రీధనం. అది పూర్తిగా ఆమె ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది, 2024లోనూ మరో కేసులో అదే మాట మళ్ళీ చెప్పింది. మరి ఆస్తికి యజమాని అయినప్పుడు లెక్క కూడా ఆమె దగ్గరే ఉండాలి కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చోండి. ఒక్కో నగనీ తెల్లటి గుడ్డ మీద పెట్టి ముందూ వెనకా ఫొటో తీయండి. బరువు, ఎవరు పెట్టారు, ఎప్పుడు కొన్నారు, రాళ్ళెన్ని, ఎక్కడ అతుకుంది... ఒక నోటుబుక్కులో రాయండి. 2021 జులై నుంచి హాల్‌మార్క్ నగల మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్.యు.ఐ.డి. నంబరు వస్తోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదన్న నిబంధన వచ్చింది. భూతద్దం పెట్టి ఆ నంబరు చూసి రాసుకోండి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. అమ్మమ్మ నాటి నగకి ఈ నంబరుండదు, దానికి ఫొటోయే ఆధారం. ఈ బుక్కు, బిల్లుల కాపీలు బీరువాలో కాకుండా వేరేచోట ఉండాలి. నగలతోపాటు నగల లెక్క కూడా పోతే ఇంకేం లాభం?

కొందరు పోయిన బంగారం తక్కువ చేసి చెప్తారు. ఎక్కువుందని తెలిస్తే ఇన్‌కంటాక్స్ వాళ్ళు వస్తారేమోనని భయం. 1994 మే నెలలో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన ఆదేశం ఒకటుంది. సోదాల్లో కుటుంబంలోని వివాహితకి 500 గ్రాములు, పెళ్ళికాని స్త్రీకి 250 గ్రాములు, పురుషుడికి 100 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని అందులో చెప్పారు. పెళ్ళిలో పెట్టిన నాలుగు నగలకి బెదిరి ఫిర్యాదులో లేని నగని, రేపు దొరికాక "ఇది నాదే" అని అడగడం కష్టం.

లాకరులో పెడితే సరా?

బంగారాన్ని ఇంట్లో కన్నా బ్యాంకు లాకరులో ఉంచడమే మేలు. అయినా కొన్ని సంగతులు తెలుసుకుని పెట్టాలి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం బ్యాంకులో దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకి నూరు రెట్లు. అద్దె మూడు వేలనుకోండి, వచ్చేది మూడు లక్షలు. ఇప్పటి ధరలో అది మూడు తులాలకి కూడా చాలదు! భూకంపం, వరద లాంటి ప్రకృతి వైపరీత్యాలకి అదీ లేదు. కాబట్టి ఎక్కువ నగలున్నవాళ్ళు వేరే బీమా గురించి కూడా ఆలోచించాలి.

మరో ప్రశ్న. లాకరు ఎవరి పేరున ఉంది? మీ నగలు పెట్టిన లాకరుని మీరే వెళ్ళి తెరవగలరా? చెవి ఎక్కడుందో తెలుసా? నామినీ ఎవరు? ఇవి అడగడం అపనమ్మకం కాదు.

అనుమానం ఎవరి మీద?

నగ కనబడలేదంటే మొదట గుర్తొచ్చేది పనిమనిషి. "నిన్న గది ఊడ్చింది ఆవిడే కదా!" అంటారెవరో. అంతే, పదేళ్ళుగా ఆ ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి దొంగ అయిపోతుంది. 2024 ఆగస్టులో షాద్‌నగర్‌లో ఏం జరిగిందో చూశాం. బంగారం దొంగతనం కేసులో ఒక దళిత మహిళని స్టేషన్‌లో చిత్రహింస పెట్టారన్న ఆరోపణ రావడంతో ఇన్‌స్పెక్టరుతో సహా కొందరు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. 2025లో తిరువనంతపురంలో ఇంటిపని చేసే ఒకామెని గొలుసు పోయిందని రాత్రంతా స్టేషన్‌లో ఉంచారు. ఆ గొలుసు చివరికి యజమానురాలి ఇంట్లోనే దొరికింది. ఎస్సైని సస్పెండ్ చేశారు గాని ఆమె పోగొట్టుకున్న పరువుని ఎవరు తిరిగిస్తారు?

పుట్టుకతోనే కొన్ని కులాలవాళ్ళని దొంగలని ముద్రవేసిన బ్రిటిషువాళ్ళ చట్టం 1871లో వచ్చి 1952లో రద్దయింది. చట్టం పోయింది గాని మనసుల్లోంచి ఆ అలవాటు పోలేదు.

అనుమానం ఉంటే చెప్పకూడదని కాదు. మీకు తెలిసింది, చూసింది చెప్పండి. ఊహని ఫిర్యాదులో రాయకండి. స్త్రీని సాక్షిగా ప్రశ్నించాలంటే ఆమె ఉన్నచోటే ప్రశ్నించాలని, స్టేషన్‌కి పిలవకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెప్తోంది. చాలా అరుదైన సందర్భాల్లో మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదని 43వ సెక్షన్ చెప్తోంది. ఈ హక్కులు మీకెంతో మీ ఇంట్లో పనిచేసే ఆమెకీ అంతే. పైగా అమాయకురాలి చుట్టూ తిరిగినంతసేపూ అసలు దొంగకి బోలెడంత సమయం దొరుకుతుంది.

తలుపు తెరిచి ఉంటే...

ఇంటికొచ్చేసరికి తాళం విరిగి ఉంది. లోపలికి పరిగెత్తకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. బయటే ఆగి నలుగుర్ని పిలిచి 100కో 112కో ఫోన్ చేయండి. రాత్రి అలికిడికి మెలకువ వస్తే గదికి గడియ పెట్టుకుని ఫోన్ చేయండి. ఎదురుపడి పట్టుకోవాలని చూడకండి. బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు.

పోలీసులు వచ్చేదాకా ఏమీ ముట్టుకోకండి. చిందరవందరగా పడిన బట్టలు చూస్తే మనకి చేతులు ఊరుకోవు, మడతపెట్టి సర్దేస్తాం. ఆ సర్దుడులో వేలిముద్రలు చెరిగిపోతాయి. క్లూస్ టీమ్ వచ్చి వెళ్ళాకే చీపురు పట్టాలి.

ఫిర్యాదు నగల యజమాని ఇవ్వడం మంచిది, అంటే మీరే. కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా చెప్పొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో రాసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి తెలియజేయాలని 193వ సెక్షన్ చెప్తోంది.

నగలు దొరికితే అవి కోర్టులో ఏళ్ళ తరబడి మూలుగుతాయని చాలామంది ఆశ వదులుకుంటారు. అలా ఉంచాల్సిన పనిలేదు, ఫొటోలు తీసి, బాండు రాయించుకుని సొంతదారుకి త్వరగా ఇచ్చేయండని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కొత్త చట్టం 497వ సెక్షన్‌లో గడువులు కూడా పెట్టారు. 14 రోజుల్లో వస్తువుల వివరాలు రాయాలి, ఫొటోలు తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లోపు వాటిని ఏం చేయాలో కోర్టు చెప్పాలి. ఇక్కడ మీ ఫొటోలు, మీ నోటుబుక్కు, మీ బిల్లులే మీ తరఫున మాట్లాడతాయి. పూర్తిగా దొరక్కపోవచ్చు, కరిగించిన ముద్దగా దొరకొచ్చు. అయినా అడగడానికి ఆధారం అంటూ ఉంటుంది.

ఇంత చెప్పినా దొంగతనం జరగదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. జరిగితే తప్పు దొంగది. ఉద్యోగానికి వెళ్ళిన ఆవిడది కాదు, అమ్మని చూడ్డానికి నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళిన ఆవిడదీ కాదు. గొళ్ళెం బిగించడానికి ఒక పూట, నగల లెక్క రాయడానికి ఒక ఆదివారం, పక్కింటావిడతో మాట్లాడడానికి పది నిమిషాలు చాలు. ఈసారి ఇంట్లో పెళ్ళి ప్రయాణం పెట్టుకున్నప్పుడు "ఇల్లెవరు చూస్తారు?" అని ఎవరైనా అడిగితే, "అన్నీ చూసుకున్నాం, అందరం వెళుతున్నాం" అని చెప్పండి. ఏమంటారు?

ఊరెళ్ళే ముందు...

* పేపరు, పాలు ఆపమని చెప్పారా? వాకిలి సంగతి పక్కింటివాళ్ళకి చెప్పారా?

* పెరటి తలుపు, డాబా తలుపు, కిటికీలు మీరే స్వయంగా చూశారా?

* నిచ్చెన, గునపం, పార లోపల పెట్టారా?

* నగలు లాకరుకి చేరాయా? చేరకపోతే అన్నీ ఒకేచోట, బీరువాలోనే ఉన్నాయా?

* స్టేషన్‌లో చెప్పారా? స్టేషన్ నంబరు ఫోనులో ఉందా?

* గ్యాస్ కట్టేశారా? మోటారు స్విచ్చి తీసేశారా?

* ఫొటోలు తిరిగొచ్చాకే పెడతామని పిల్లల దగ్గర మాట తీసుకున్నారా?

* ఈ పనుల్లో సగం ఇంటాయనకి అప్పజెప్పారా?